న్యాయస్థానముపై మనవి : 1852 నాటి మద్రాసు మహజరు

న్యాయము కోరి న్యాయస్థానమున కేగుట లోకరీతి. ఆ న్యాయస్థానమువలననే కష్టము కలిగినచో దానిని ఎవరికి విన్నవింపవలయునను ప్రశ్న ప్రతి రాజ్యవ్యవస్థయందును ఏదో యొకనాడు తలయెత్తక మానదు. మన ప్రాంతమున పౌరులు ఈ ప్రశ్నను కూడబలుకుకొని, లిఖితపూర్వకముగా, శాసనములు చేయు సభ ముందుంచిన సందర్భములలో ముఖ్యమైనది 1852వ సంవత్సరమున మద్రాసు నేటివ్ అసోసియేషన్ వారు బ్రిటిషు పార్లమెంటునకు పంపిన మహజరు. చరిత్రకారులు సామాన్యముగా దీనిని కాంగ్రెసు మహాసభకు పూర్వరంగముగా పేర్కొని ముందునకు సాగుదురు. ఆ నిర్ణయము తప్పు కాదు గాని అసంపూర్ణము. ఆ మహజరులో రాజకీయాధికార వాంఛకంటె ముందుగా వినవచ్చునది శిస్తు చెల్లించు రయితు గోడు, కోర్టు మెట్లెక్కిన వ్యవహర్త గోడు. ఆ దృష్టితో దానిని పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ముందుగా ఒక మాటను గూర్చి చెప్పవలసియున్నది. పాలకులకు మొరపెట్టుకొనుటకు తెలుగున పలు పదములు కలవు. విన్నపము సంస్కృత విజ్ఞాపన శబ్దభవము. అర్జీ, మహజరు అనునవి అరబ్బీ మూలములు. ఫారసీ పరిపాలనాభాషద్వారా మనకు వచ్చినవి. పిటీషను ఆంగ్లేయుల కచ్చేరీతో వచ్చినది. మారిన ప్రభుత్వముల జాడలు ఈ పదములలో నిలిచియున్నవి. వీనిలో అర్జీకిని మహజరునకును గల భేదము మన విషయమునకు ముఖ్యము. అర్జీ ఒకరిది, తన వ్యాజ్యము తీర్పుమని అడుగును. మహజరు పలువురు చేవ్రాళ్లు చేసినది. వ్యాజ్యములు తీరు పద్ధతినే మార్పుమని అడుగును. హాజరు, మహజరు అను రెండు పదములును ఒకే అరబ్బీ ధాతువునుండి పుట్టినవి. చేవ్రాలు చేసినవారందరు పాలకుని ఎదుట నిలిచినట్లే యని దాని యంతరార్థము.

ఇక నాటి న్యాయవ్యవస్థను చూతము. మద్రాసు నగరమున 1801నుండి రాజశాసనముచే ఏర్పడిన సుప్రీము కోర్టు ఉండెను. నగరము వెలుపల 1802 నాటి రెగ్యులేషనుల ననుసరించి కంపెనీవారి జిల్లా కోర్టులును, వానిపై సదరదాలతు, ఫౌజుదారీ అదాలతులును పనిచేసెను. ఈ కంపెనీ కోర్టుల న్యాయాధిపతులు సివిలు సర్వీసునుండి వచ్చినవారు. ధర్మశాస్త్రమునుగాని ఆంగ్ల న్యాయశాస్త్రమునుగాని క్రమముగా అభ్యసించినవారు కారు. వ్యాజ్యము వేయుటకు స్టాంపు రుసుము చెల్లింపవలయును. జిల్లా కేంద్రము దూరము, వాయిదాలు పెక్కు.

ఈ దూరమును తగ్గించుటకే సర్ తామస్ మన్రో 1816లో సంస్కరణములు చేయించెను. గ్రామమునసబులకు చిన్న వ్యాజ్యములను అప్పగించుట, మేజిస్ట్రేటు అధికారమును జిల్లా జడ్జినుండి కలెక్టరునకు బదలాయించుట వానిలో ముఖ్యములు. దేశాచారమునకు దగ్గరగా, ప్రజలకు సమీపముగా న్యాయము నుంచవలెనన్న మన్రో ఉద్దేశమును శంకింప బనిలేదు. కాని ఫలితము వేరయ్యెను. శిస్తు వసూలు, పోలీసు, నేరవిచారణ మూడును ఒకే చేతిలో పడెను. జిల్లాలో కలెక్టరు ఎట్లో తాలూకాలో తహసీలుదారు అట్లు. శిస్తుకై తనను కొట్టించిన తహసీలుదారుపై రయితు ఫిర్యాదు చేయవలెనన్న ఆ తహసీలుదారే పోలీసు అధికారి. కలెక్టరునకు అర్జీ పంపినచో విచారణకై అది తిరిగి తహసీలుదారు బల్లమీదికే వచ్చుచుండెను.

ఈ స్థితిలో 1852 ఫిబ్రవరి 26వ తేదీన మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపితమయ్యెను. దాని ప్రధాన ప్రవర్తకుడు గాజుల లక్ష్మీనర్సు సెట్టి (1806–1868). ఈయన మద్రాసులోని తెలుగు వర్తకుడు; 1844లో క్రెసెంటు అను ఆంగ్లపత్రికను స్థాపించినవాడు. కంపెనీ పాలనాధికారమును పొడిగించు చట్టము 1853లో పార్లమెంటు ముందునకు రానుండెను. ఆ అదనెరిగి అసోసియేషన్ వారు తమ మహజరును పంపిరి. అందలి సారాంశమిది: ప్రజల కష్టములకు ముఖ్యకారణములు అధికమైన పన్నులు, వాని వసూలులోని పీడనము, కంపెనీ కోర్టుల కొరత, జాప్యము, వ్యయము, ప్రజలకు ముఖ్యముగా కావలసినవి బాటలు, వంతెనలు, నీటి వనరులు, విద్య. పన్నుల ప్రక్కనే కోర్టులను నిలుపుట గమనింపదగినది. పన్నుల బాధకు మందు కోర్టులో దొరకలేదని, ఆ రెండును ఒకే వ్యాధి లక్షణములని వారు గ్రహించిరి.

ఈ వాదమునకు బలము చేకూర్చిన గ్రంథము మద్రాసు బారిస్టరు జాన్ బ్రూస్ నార్టన్ 1853లో ప్రకటించిన దక్షిణ భారత న్యాయపాలన విమర్శ. నార్టన్ అవలంబించిన పద్ధతి పరిశోధకులకు నేటికిని ఆదర్శప్రాయము. ఆయన వదంతుల నాశ్రయింపలేదు. కంపెనీ కోర్టులు తామే అచ్చువేయించిన తీర్పులను ముందుంచుకొని, న్యాయాధిపతుల అజ్ఞానమును వారి మాటలచేతనే నిరూపింప బూనెను.

అయినను 1853 నాటి చట్టము కంపెనీ పాలనను కొనసాగించెను. మహజరు కోరిక నెరవేరలేదు. కాని మనవి వృథాపోలేదు. పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమూరు 1853లో మద్రాసునకు వచ్చి, లక్ష్మీనర్సు సెట్టితో కలిసి దక్షిణ జిల్లాలలో తిరిగి రయితుల మాటలను స్వయముగా వినెను. 1854 జూలైలో కామన్సు సభలో మద్రాసు భూమిశిస్తును గూర్చి చర్చ జరిగినప్పుడు శిస్తుకై హింసించు ఆచారము ప్రస్తావనకు వచ్చెను. ఆ మాటను ఖండించిన వారును సభలో ఉండిరి. తుదకు 1854 సెప్టెంబరులో మద్రాసు ప్రభుత్వము ఇలియట్, స్టోక్సు, నార్టన్ అను మువ్వురితో హింసావిచారణ సంఘమును నియమించెను. విమర్శకుడే విచారకులలో నొకడగుట విశేషము.

సంఘము మద్రాసు నగరముననే కూర్చుండెను. అయినను దానికి 1,959 ఫిర్యాదులు చేరెను. అందు 1,440 లేఖల మూలమున వచ్చినవి. తక్కిన 519 స్వయముగా వచ్చి చెప్పుకొనినవి. రైలుబండి లేని కాలమున, పంటపనులు విడిచి, తహసీలుదారు కోపమునకు వెరవక వచ్చినవారు వీరు. మహజరు శబ్దములోని హాజరు ఇచ్చట అక్షరాల నిజమయ్యెను. వ్రేళ్లను కట్టెల నడుమ బిగించు కిట్టి, మనుష్యుని నడుము వంచి త్రాటితో కట్టివేయుట మున్నగు హింసలు వసూలులో వాడుకలో నున్నవని 1855 ఏప్రిలులో సంఘము నివేదించెను. ఐరోపా అధికారులను మాత్రము అది చాలవరకు నిర్దోషులనుగా విడిచిపెట్టెను. ఈ పక్షపాతమును మనము గుర్తింపవలయును. కాని హింస యుండుటకంటెను, హింసితునకు పరిహారము దొరకకుండుట తమ్ము ఎక్కువ బాధించినదని సంఘమువారు ఒప్పుకొనిరి. 1852 మహజరు చెప్పినదియు ఇదియే.

పిమ్మట సంస్కరణములు మెల్లమెల్లగా వచ్చెను. 1859 నాటి 24వ చట్టము పోలీసును శిస్తు శాఖనుండి వేరుచేసెను. 1861 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు పోలీసు అధికారియొద్ద చేసిన నేరాంగీకారమును రుజువుగా స్వీకరింపరాదని విధించెను. ఆ నియమము 1872 నాటి సాక్ష్యచట్టముద్వారా 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమమునకు సంక్రమించినది. 1862లో సుప్రీము కోర్టు, అదాలతులు ఏకమై మద్రాసు హైకోర్టు ఏర్పడెను. కలెక్టరు చేతిలోని నేరవిచారణాధికారము మాత్రము చిరకాలము నిలిచెను. కార్యనిర్వాహక, న్యాయ శాఖలను వేరుచేయుమని రాజ్యాంగపు 50వ అధికరణము ఆదేశించినను, దేశమంతట ఆ విభజన చట్టరూపమున పూర్తియైనది 1973 నాటి కోడు 1974 ఏప్రిలు 1న అమలులోనికి వచ్చినప్పుడే. మన్రో రెగ్యులేషనులకును దీనికిని నడుమ 158 సంవత్సరములు.

మహజరు పంపిన లక్ష్మీనర్సు సెట్టియే 1863లో మద్రాసు శాసనసభకు సభ్యుడుగా నియమితుడయ్యెను. కాని 1861 నాటి కౌన్సిళ్ల చట్టము ప్రకారము సభ్యులు ఎదుటనున్న బిల్లును గూర్చి మాత్రమే మాటలాడవలయును. ప్రజల ఇక్కట్లను ప్రశ్నరూపమున అడుగుటకు వీలులేదు. బయటినుండి మొరపెట్టుకొనినవాడు లోపలికి వచ్చిన తరువాత మొర వినుటకైనను హక్కులేనివాడయ్యెను. ప్రశ్నలడుగు హక్కు 1892 నాటి చట్టముతోగాని రాలేదు.

నేడు మన రెండు రాష్ట్రముల శాసనసభలందును పిటిషన్ల కమిటీలు కలవు. హైకోర్టు, సుప్రీము కోర్టు న్యాయమూర్తుల విధినిర్వహణమును శాసనసభలో చర్చింపరాదని రాజ్యాంగపు 211వ అధికరణము కట్టడి చేయుచున్నది. తీర్పును మార్పుమని పౌరుడు శాసనసభ్యుని అడుగుట తగదు. అట్లడిగినచో రేపు ప్రతిపక్షివాడును అడుగును, న్యాయము బలవంతుని పాలగును. కాని కోర్టుల సంఖ్య, రుసుములు, జాప్యము, పోలీసుల నడవడి అనునవి శాసనముల విషయములు. 1852 నాటివారు ఈ గీతను చక్కగా ఎరిగియుండిరి. వారు ఏ ఒక్క తీర్పును తిరుగవేయు మనలేదు. తీర్పు వచ్చు త్రోవను సరిచేయుమనిరి. అర్జీకిని మహజరునకును గల భేదమును నిలుపుకొనుటయే వారు మనకు విడిచిపోయిన పాఠము.