రాజన్న, అంజన్న సన్నిధుల్లో క్యూలైను: దివ్యాంగుల ప్రవేశం, జట్టు దర్శనాల చరిత్ర

ఒకప్పటి ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల జనానికి పెద్ద క్యూలైను అంటే గుర్తొచ్చేది గుడి దగ్గరి వరుసే. వేములవాడ రాజన్న, కొండగట్టు అంజన్న, ధర్మపురి నరసింహస్వామి సన్నిధుల్లో పర్వదినాల్లో జనం లక్షల్లో ఒకే ద్వారం వైపు సాగుతారు. ఆ జనంలో నడవలేని వారు, చూపు లేని వారు, ఎక్కువసేపు నిలబడలేని వారు, రద్దీని తట్టుకోలేని పిల్లలు ఎందరో ఉంటారు. వారిలో ఎక్కువ మంది ఒంటరిగా రారు. ఇంటిల్లిపాదితో, వాడకట్టు వాళ్లతో, దీక్షాస్వాముల జట్టుతో కలిసి వస్తారు. ఈ జనంలో దివ్యాంగులకు దారి ఎలా దొరకాలి, వారి వెంట ఎందరు వెళ్లవచ్చు, మిగతావారికి అన్యాయం జరగకుండా వరుస ఎలా సాగాలి అన్న ప్రశ్నల చరిత్రే ఈ వ్యాస విషయం. ప్రపంచంలోని థీమ్ పార్కుల్లోనూ ఇవే ప్రశ్నలపై వాదాలు నడిచాయి.

క్షేత్రాలు, నమ్మకాలు

వేములవాడ ఒకప్పుడు చాళుక్యుల రాజధాని. ఆ వంశపు రాజు రెండవ అరికేసరి ఆస్థానంలో కన్నడ ఆదికవి పంప ఉండేవాడు. ఇప్పుడు ఈ ఊరికి గుర్తింపు రాజరాజేశ్వర స్వామి వల్ల వచ్చింది. జనం నోట ఆయన ఎములాడ రాజన్న. వ్యాధి బారిన పడిన నరేంద్రుడనే రాజు ఇక్కడి ధర్మగుండంలో మునిగి స్వస్థుడయ్యాడని స్థలపురాణం చెబుతుంది. అంటే ఈ క్షేత్ర కథ ఒంట్లో బాగాలేని మనిషి రాకతోనే మొదలవుతుంది.

కొండగట్టు మల్యాల మండలంలో, గుట్టల నడుమ ఉంది. తప్పిపోయిన బర్రెను వెతుకుతూ అలసి నిద్రపోయిన సింగం సంజీవుడనే పశువుల కాపరికి ఆంజనేయుడు కలలో కనబడ్డాడని ఇక్కడి కథ. మనోవ్యాధితో బాధపడేవారిని తీసుకొచ్చి, రోజుల తరబడి గుట్టపైనే ఉండి ప్రదక్షిణలు చేయించే ఆచారం ఇక్కడ పాతది. వైద్యానికి ఇది ప్రత్యామ్నాయం కాదు. అయినా కంటికి కనబడని వైకల్యం ఉన్నవారు ఈ గుట్టకు తరతరాలుగా వస్తున్నారనడానికి ఆ ఆచారం సాక్ష్యం.

ధర్మపురి గోదావరి ఒడ్డున ఉంది. అక్కడ మొక్కు గుడి వరుసలో కాదు, నది మెట్ల దగ్గరే మొదలవుతుంది. తడిసిన మెట్ల మీద ఊతకర్ర నిలవదు. చక్రాల కుర్చీ నీటి దాకా దిగదు.

వరుస పుట్టిన తీరు

ఎడ్లబండ్ల కాలంలో జాతరకు పోవడమంటే రెండు మూడు రోజుల ప్రయాణం. చెట్ల కింద వంట, గుడి ఆవరణలో నిద్ర. రాజన్న సన్నిధిలో రాత్రి పడుకోవడాన్ని ‘నిద్ర చేయడం’ అంటారు. అది కూడా మొక్కే. అలాంటి తీరిక ఉన్నప్పుడు ముసలివాళ్లను, నడవలేనివాళ్లను జనం పలచబడే వేళ చూసి లోపలికి తీసుకుపోయేవారు. కొడుకు వీపు, మనవడి భుజం అప్పటి వాహనాలు.

బస్సులు పెరిగాక పొద్దున వచ్చి సాయంత్రానికి తిరిగిపోయే యాత్ర మొదలైంది. తీరిక పోయి తొందర వచ్చింది. సోమవారాలు వేములవాడలో, మంగళ, శనివారాలు కొండగట్టులో రద్దీ స్థిరపడింది. రద్దీని అదుపు చేయడానికి ఇనుప గొట్టాల బారికేడ్లు, చలువ పందిళ్లు, టికెట్ కౌంటర్లు వచ్చాయి. ఉచిత వరుస ధర్మదర్శనమైంది. డబ్బు చెల్లిస్తే త్వరగా సాగేది ప్రత్యేక దర్శనం, శీఘ్ర దర్శనం అయింది. 2023 డిసెంబరు 9న తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఈ క్షేత్రాలకు మహిళల రాక బాగా పెరిగింది.

తెలుగు నేల మీద క్యూకు పెద్ద నమూనా తిరుమల. పి.వి.ఆర్.కె. ప్రసాద్ 1978–82 మధ్య తిరుమల తిరుపతి దేవస్థానం కార్యనిర్వహణాధికారిగా ఉన్న కాలంలో రూపుదిద్దుకున్న వైకుంఠం క్యూ కాంప్లెక్స్ ఒక మౌలికమైన మార్పు తెచ్చింది. గంటల తరబడి నిలబడాల్సిన భక్తుడు హాల్లో కూర్చుని వేచి ఉండే వీలు కలిగింది. తర్వాత వచ్చిన టైమ్ స్లాట్ టోకెన్లతో వరుసలో నిలబడే గంటలు ఇంకా తగ్గాయి. వృద్ధులకు, దివ్యాంగులకు వేరే కోటా, వేరే ప్రవేశ మార్గం కూడా అక్కడ స్థిరపడ్డాయి.

కోడె మొక్కు దారి

వేములవాడలో వరుస ఎంత కష్టమో తెలియాలంటే స్వామికి కోడెను సమర్పించే కోడె మొక్కును దగ్గరగా చూడాలి. భక్తులు ధర్మగుండంలో స్నానం చేసి, తడిబట్టలతోనే టికెట్ తీసుకుంటారు. కోడె పలుపు చేతికందుతుంది. తండ్రి పలుపు పట్టుకుంటే పిల్లలు కోడె వీపు మీద చేయి వేస్తారు, తల్లి వెనక నడుస్తుంది. గుడి చుట్టూ తిరిగి, కోడెను కట్టేసి, ఆ తర్వాత దర్శనం వరుసలోకి వెళతారు. కాళ్ల కింద తడి బండలు, పేడ, చల్లిన పసుపు, కొబ్బరినీళ్లు. ముందొక కోడె, వెనకొక కోడె.

చూపు లేని మనిషికి ఈ మొక్కులో ఒక సహజమైన ఆసరా ఉంది. పలుపు చేతిలో ఉంటే దారి దానంతటదే తెలుస్తుంది. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి మాత్రం ఇదే దారి అడుగడుగునా అడ్డంకి. బారికేడ్ మలుపు తిరిగే చోట కుర్చీ తిరగదు. గడప ఎత్తుగా ఉంటుంది. కాలికి ఊతమిచ్చే క్యాలిపర్ వేసుకున్నవారికి ఇంకో చిక్కు. దానికి బిగించిన బూటు నిజానికి వారి కాలిలో భాగమే. దాన్ని చెప్పులతో సమానంగా చూసి విప్పమంటే వారు నడవనేలేరు.

ఈ ప్రాంతపు పనులు కూడా ఒంటి మీద ముద్ర వేస్తాయి. సిరిసిల్ల మరమగ్గాల మధ్య పొద్దంతా నిలబడే కార్మికులు, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లలో గంటల తరబడి వంగి బీడీలు చుట్టే ఆడవాళ్లు, గల్ఫ్ పనుల్లో గాయపడి ఇల్లు చేరినవాళ్లు ఈ వరుసల్లో ఉంటారు. నడుము నొప్పికి, మోకాళ్ల అరుగుదలకు అందరి చేతిలోనూ ధ్రువపత్రం ఉండదు. కానీ మూడో గంటకు వాళ్లు బారికేడ్ గొట్టం పట్టుకుని ఒంగిపోతారు.

జట్టుగా రావడం

ఇక్కడి యాత్రకు ప్రాణం జట్టు. పుట్టువెంట్రుకలు తీయించడానికైనా, పెళ్లయ్యాక మొక్కు తీర్చడానికైనా ఒక డీసీఎంలోనో, రెండు మూడు ట్రాలీ ఆటోల్లోనో ఇరవై ముప్పై మంది కలిసి వస్తారు. రెండేళ్లకోసారి జరిగే మేడారం సమ్మక్క–సారలమ్మ జాతరకు పోయేముందు ఎములాడ రాజన్నను దర్శించుకునే ఆనవాయితీ వల్ల ఆ వారాల్లో వేములవాడ కిటకిటలాడుతుంది. శివరాత్రి జాగరణ నాడు ఊరే వరుసగా మారుతుంది.

కొండగట్టులో జట్టు రూపం వేరు. చైత్ర పౌర్ణమి నాటి చిన్న జయంతికి, వైశాఖ బహుళ దశమి నాటి పెద్ద జయంతికి కాషాయ వస్త్రాల్లో హనుమాన్ దీక్షాస్వాములు వేలాదిగా గుట్ట చేరి మాల విరమిస్తారు. చాలామంది కాలినడకన వస్తారు. ప్రతి జట్టుకూ ఒక గురుస్వామి ఉంటాడు. ఎవరు వెనకబడ్డారో, ఎవరికి కాలు బొబ్బలెక్కిందో ఆయనకు తెలుసు.

వరుస న్యాయం జటిలమయ్యేది ఇక్కడే. ఇరవై మంది జట్టులో ఒకరు నడవలేని అవ్వ అనుకుందాం. ఆమెను ప్రత్యేక ద్వారం నుంచి పంపితే వెంట ఎవరు పోవాలి? ఒక్కరినే పంపితే మొక్కు చెదిరిపోతుంది. మనవడి పుట్టువెంట్రుకల మొక్కు అవ్వ కళ్లముందు తీరాలి కదా. ఇరవై మందినీ పంపితే పొద్దటి నుంచి ధర్మదర్శనంలో నిలబడ్డ ఇంకో అవ్వకు అన్యాయం జరుగుతుంది. ఆమె కూడా నిలబడలేనిదే కావచ్చు, అడగడానికి మొహమాటపడి ఉండవచ్చు.

చట్టం నడిచిన దారి

2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.66 లక్షల మంది వికలాంగులు ఉన్నారు. దేశంలో వికలాంగుల హక్కులకు మొదటి సమగ్ర చట్టం 1995లో వచ్చింది. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారత్ 2007లో ఆమోదించింది. 2015 డిసెంబరు 3న బహిరంగ ప్రదేశాలను వికలాంగులకు అందుబాటులోకి తెచ్చే ‘సుగమ్య భారత్’ కార్యక్రమం మొదలైంది. దివ్యాంగులు అన్న మాట అధికార వ్యవహారంలోకి వచ్చిందీ ఆ కాలంలోనే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చి, గుర్తించిన వైకల్యాలను 21కి పెంచింది. ఆటిజం, మానసిక అనారోగ్యం, కండరాల క్షీణత వంటివి ఇందులో ఉన్నాయి. గుడులకు సంబంధించి ఈ చట్టంలోని నిర్వచనం కీలకమైనది. ప్రజా భవనం అన్న మాట పరిధిలోకి మతపరమైన, వినోదపరమైన కార్యక్రమాల కోసం ప్రజలు వాడే కట్టడాలు కూడా చేరాయి. గుడి, థీమ్ పార్కు ఒకే వాక్యంలోకి వచ్చాయి. ఉన్న కట్టడాలను అందుబాటులోకి తేవడానికి నిబంధనలు వెలువడ్డ 2017 జూన్ నుంచి ఐదేళ్ల గడువు పెట్టారు.

2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. అందుబాటు ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదని, తప్పనిసరి నియమాలు ఉండాలని చెప్పింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన అధ్యయన నివేదికను తయారుచేసింది హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రం.

ప్రమాణాల్లో అందరికీ అర్థమయ్యేది ర్యాంపు వాలు. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. మెట్ల మీద చెక్క వాల్చి ర్యాంపు అనిపించుకుంటే, అది ఎక్కేవారికీ తోసేవారికీ ప్రమాదమే.

థీమ్ పార్కుల అనుభవం

అమెరికాలోని డిస్నీ పార్కులు చాలాకాలం ఒక కార్డు ఇచ్చి, దివ్యాంగులతో పాటు వారి జట్టును కూడా వేరే ద్వారం నుంచి పంపేవి. కొందరు ధనికులు వికలాంగులను డబ్బిచ్చి వెంట తెచ్చుకుని వరుస దాటుతున్నారని 2013లో వార్తలు వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో ఆ పద్ధతి మారింది. కొత్త పద్ధతిలో దివ్యాంగులు వరుస దాటరు. వరుసలో ఎంత సమయం పడుతుందో లెక్కగట్టి, తిరిగి రావలసిన వేళ చెబుతారు. అందరితో సమానంగా వేచి ఉంటారు, కానీ నీడలో, కూర్చుని, తమకు నచ్చిన చోట. ఆటిజం ఉన్న పిల్లలకు ఈ పద్ధతి సరిపోదని తల్లిదండ్రులు కోర్టులకెక్కారు. 2024లో అర్హతను ఇంకా కుదించినప్పుడు, ఒంటి నొప్పులు, దీర్ఘవ్యాధులు ఉన్నవారు తమను వదిలేశారని నిరసించారు. వెంట వచ్చేవారి సంఖ్యకూ హద్దు పెట్టి, సొంత కుటుంబానికి మినహాయింపు ఇచ్చారు.

ఈ చరిత్ర నుంచి తేలిన సూత్రం మన గుడులకూ పనికొస్తుంది. వేచి ఉండటం వేరు, నిలబడటం వేరు. మొదటిది అందరికీ సమానంగా పంచవచ్చు. రెండోదాన్ని సమానంగా పంచితే కొందరికి అది శిక్ష అవుతుంది.

తొక్కిసలాటలు నేర్పినవి

2015 జులై 14న గోదావరి పుష్కరాల తొలిరోజు రాజమహేంద్రవరంలో జరిగిన తొక్కిసలాట పాతికమందికి పైగా ప్రాణాలు తీసింది. అవే పుష్కరాలకు ధర్మపురిలోనూ జనం పోటెత్తారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శన టోకెన్ల కోసం చేరిన జనంలో ఆరుగురు చనిపోయారు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డుపై కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. అది వరుసలో జరిగిన ప్రమాదం కాదు. అయినా గుట్టకు పోయే దారి భద్రత కూడా దర్శనంలో భాగమేనని ఈ ప్రాంతం మరిచిపోలేనంతగా చెప్పింది.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లో జనసమూహాల నిర్వహణపై మార్గదర్శకాలు తెచ్చింది. తోపులాటలో ముందుగా నేల పడేది కాలు ఊనలేనివారే. అందుకే వారికి వేరే దారి ఉండాలి. అత్యవసర వేళ ఆ దారి అందరి ప్రాణాలకూ పనికొస్తుంది.

న్యాయమైన వరుసకు గీటురాళ్లు

ఈ చరిత్రంతా చూస్తే న్యాయమైన దర్శన వరుసకు కొన్ని గీటురాళ్లు తేలుతాయి. డబ్బు కట్టి త్వరగా పోయే వరుస, శరీరం సహకరించక అడిగే వరుస ఒకటి కావు. రెండింటినీ ఒకే ద్వారంలో కలిపితే, టికెట్ రద్దీలో రెండోది మునిగిపోతుంది. దివ్యాంగుల వెంట సొంత ఇంటివారిని నలుగురైదుగురిని అనుమతించి, మిగతా జట్టును టోకెన్ వేళకు ద్వారం దగ్గర కలుసుకోనిస్తే మొక్కూ చెదరదు, వెనకవారి వంతూ పోదు. దీక్షాస్వాముల విషయంలో ఆ టోకెన్‌ను గురుస్వామి చేతికే ఇవ్వవచ్చు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రం, యూడీఐడీ కార్డు ఉన్నవారికి అవే సరిపోవాలి. పత్రం లేని అవ్వకు బారికేడ్ మధ్య మధ్య బల్లలు, లేచి పోయినా వంతు పోదన్న భరోసా చాలు.

ఇటీవలి పరిణామాలు

2023 ఫిబ్రవరిలో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు కొండగట్టును సందర్శించి, ఆలయ అభివృద్ధికి భారీగా నిధులు ప్రకటించారు. 2024 నవంబరు 20న ముఖ్యమంత్రి ఎ. రేవంత్ రెడ్డి వేములవాడ ఆలయ విస్తరణకు శంకుస్థాపన చేశారు. పనుల కోసం 2025లో దర్శనాలను, కోడె మొక్కులను దగ్గర్లోని భీమేశ్వరాలయానికి మార్చారు. 2027లో గోదావరి పుష్కరాలు ధర్మపురికి మళ్లీ వస్తాయి.

కట్టిన గుడిని తర్వాత మార్చడం కష్టం, కట్టేటప్పుడే దారి వదలడం సులువు. అందుకే ఈ విస్తరణ కాలం చాలా విలువైనది. గడప ఎత్తు, మలుపు వెడల్పు, ర్యాంపు వాలు, ధర్మగుండం మెట్ల పక్కన పట్టుకునే కమ్మి ఇప్పుడు గీసే గీతల్లోనే తేలిపోతాయి. కోడె పలుపు అవ్వ చేతికి, మనవడి చేతికి ఒకేసారి అందేలా ఆ దారి ఉండాలి.