నిరీక్షణయు నమ్మకమును

చేతికందిన చిన్న ఫలమును విడిచి, రానున్న పెద్ద ఫలమునకై ఆగగల బిడ్డను లోకము బుద్ధిమంతుడని మెచ్చుకొనును. ఆగలేనివానిని ఆకతాయి యనును. నాడీవికాసమునందు భేదముగల పిల్లలకు ఈ తీర్పువలన కలిగిన అన్యాయము చిన్నది కాదు.

1960, 1970 దశకములలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశుపాఠశాలయందు వాల్టర్ మిషెల్ పిల్లల యెదుట మిఠాయి నుంచి, తినక ఆగినచో రెండవది లభించునని చెప్పి పరీక్షించెను. ఎక్కువసేపు ఆగినవారు పిదప చదువులోను ముందుండిరని ప్రకటించుటతో ఆ పరీక్ష ప్రఖ్యాతి కెక్కెను. కాని 2013లో వెలువడిన పరిశోధన మరియొక సంగతిని తెలిపెను. అంతకుముందు తమకు మాట తప్పిన పెద్దల యెదుట పిల్లలు సగటున 3 నిమిషములే ఆగిరి. మాట నిలుపుకొన్నవారి యెదుట 12 నిమిషములు ఆగిరి. నిగ్రహమునకు నమ్మకమే పునాది.

అవధానము నిలువక అతిచాంచల్యముగల పిల్లలను 1992లో బ్రిటనునందు ఎడ్మండ్ సోనుగా-బార్క్ ప్రభృతులు పరీక్షించిరి. చిన్న బహుమతిని కోరినను మొత్తము నిరీక్షణ తగ్గదని యేర్పరచినప్పుడు ఆ పిల్లలును పెద్దదానినే కోరిరి. ఏది మేలో వారెరుగుదురు; వారికి దుర్భరమైనది వేచియుండుటయే. అందుచేత వారికి బోధించువారు మొదట బహుమతిని వెంటనే యిచ్చి, క్రమముగా వ్యవధిని పెంచుదురు. ఏది ముందో, ఏది పిదపనో బొమ్మలతో చూపుదురు.

పిల్లలు ఆగవలెనని కోరు సమాజము వారిని ఎంతకాలము ఆపినదో ఢిల్లీ చరిత్ర చెప్పును. ఆటిజంగల బాలుని తల్లియైన మెర్రీ బారువా పూనికతో 1991లో అచట 'యాక్షన్ ఫర్ ఆటిజం' సంస్థ వెలసెను. 1995లో పార్లమెంటు చేసిన వికలాంగుల చట్టము ఏడు వైకల్యములను పేర్కొనెను. వానిలో ఆటిజం లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టములో దానికి చోటు దొరికెను. 2016 నాటి హక్కుల చట్టము 21 వైకల్యములను గుర్తించుచు, ఆటిజముతోపాటు అభ్యసన వైకల్యములను చేర్చెను. అతిచాంచల్యము పేరు అందును కానరాదు.

ఈ పిల్లలు కొలదిమంది కారు. రాజధాని ప్రాంతమందలి పల్వల్, హైదరాబాదు మొదలగు ఐదుచోట్ల జరిగి 2018లో వెలువడిన పరిశీలనలో, 6 నుండి 9 ఏండ్ల పిల్లలలో ఏదో యొక నాడీవికాస లోపముగలవారు ఏ చోటను నూటికి ఆరుగురికి తగ్గలేదు.

బిడ్డ ఎంతసేపు ఆగగలడని కొలుచువారు, వానికిచ్చిన మాట ఎన్నడు నెరవేరినదో కూడ లెక్కింపవలెను.