దేశం లేని కాపరి వ్రాసిన పాఠ్యప్రణాళిక



జూన్ నెల వచ్చిందంటే తల్లిదండ్రులమంతా ఏ స్కూలు, ఎంత ఫీజు, ఏ మీడియం అని విచారిస్తాం. కాని బిడ్డకు ఏమి నేర్పాలి, ఏది ముందు, ఏది తరువాత అన్నది మొదట ఎవరు ఆలోచించారు? తరగతులవారీ చదువుకు పునాది వేసినవారిలో ఒకరు సంఘకాపరి అని మీరు ఎరుగుదురా? ఆయన పేరు జాన్ ఆమోస్ కొమేనియస్.

ఆయన 1592లో మొరావియాలో, అంటే నేటి చెక్ దేశంలో, జన్మించాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. లాటిన్ బడిలో చేరేసరికి పదహారేళ్లు. ఆ ఆలస్యం కూడా దేవుని ఏర్పాటే అనిపిస్తుంది నాకు. పసివారు మౌనంగా భరించిన దానిని ఆయన ఎదిగిన కళ్లతో చూశాడు. అర్థం తెలియని లాటిన్ సూత్రాలు, వాటికి వివరణ కూడా లాటిన్‌లోనే, తప్పితే బెత్తం. అవి బడులు కావు, మనస్సులను వధించే చోట్లు అని తరువాత ఘాటుగా వ్రాశాడు.

1618లో ఫుల్నెక్ అనే ఊరిలో కాపరి అయ్యాడు. జాన్ హస్ బోధను వెంబడించిన సహోదర సమాజం ఆయనది. 1620 యుద్ధంలో ప్రొటెస్టెంటులు ఓడిపోయారు. ఊరు తగలబడింది. 1622లో భార్యను, ఇద్దరు బిడ్డలను తెగులు తీసుకుపోయింది. 1628లో విశ్వాసులతో కలిసి సరిహద్దు దాటి పోలెండులోని లెష్నోకు చేరాడు.

అక్కడ ఆయన చేసిన పని గమనించండి. ఏదో ఒకనాడు మన జనులు స్వదేశానికి తిరిగి వెళ్తారు, అప్పుడు బడులు మళ్లీ కట్టాలి అని నమ్మి, తన మాతృభాషయైన చెక్‌లో బోధనాశాస్త్రం వ్రాయనారంభించాడు. బీదలైనా ధనికులైనా, బాలురైనా బాలికలైనా, మందబుద్ధి అనిపించుకున్నవారైనా అందరూ బడికి రావాలన్నాడు. కారణం? ప్రతి బిడ్డ దేవుని స్వరూపమందు చేయబడినది గనుక. ఆయన పాఠ్యప్రణాళిక అంతా ఈ ఒక్క నమ్మకం మీద నిలిచింది.

ఆరేళ్లవరకు తల్లి ఒడి, పన్నెండువరకు మాతృభాషా పాఠశాల, పద్దెనిమిదివరకు లాటిన్ పాఠశాల, ఆపైన విశ్వవిద్యాలయం. నాలుగు మెట్లలోనూ అవే విషయాలు, చెట్టు ఎదిగినట్లు ఎదుగుతూ వస్తాయి. తల్లి ఒడిలో భూగోళమంటే మన కొండ, మన ఏరు, మన పొలం. చరిత్ర అంటే నిన్న ఏమి జరిగిందో చెప్పడం. ఖగోళమంటే చందమామను చూపించడం! అమ్మలారా, మీరు ఎన్నాళ్లుగానో బోధిస్తున్న పాఠాలే కదా ఇవి?

మాతృభాష ముందు అన్న మాట మనకు గుచ్చుకోవాలి. పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకునే పిల్లలు తెలుగు బైబిలు చేతికిస్తే తడబడటం నేను ఆదివారపు బడిలో చూస్తూనే ఉన్నాను. కొమేనియస్ పరభాషకు శత్రువు కాడు. 1631లో ఆయన వ్రాసిన లాటిన్ వాచకం ఎన్నో భాషలలోనికి వెళ్లింది. అయితే వస్తువు తెలియకుండా మాట నేర్పవద్దన్నాడు.

అందుకే 1658లో నూరెంబర్గ్‌లో ఆయన బొమ్మల పుస్తకం అచ్చయింది. 150 పాఠాలు. పైన బొమ్మ, క్రింద దాని పేర్లు లాటిన్‌లోను, జర్మన్‌లోను. అక్షరాలు కూడా కాకి కూతతో, గొఱ్ఱెపిల్ల అరుపుతో మొదలవుతాయి. ఆదాము జంతువులకు పేర్లు పెట్టిన ఆదికాండము 2:19, 20 వచనాలను ముందు ఉంచాడు. మొదటి పాఠం దేవుడు, చివరి పాఠం అంత్యతీర్పు. ఆ రెండింటి మధ్య మేఘాలు, చేపలు, రొట్టెలు కాల్చేవాడు, దర్జీ అందరూ ఉన్నారు. ఆయనకు బైబిలు ఒక సబ్జెక్టు, సైన్సు మరొక సబ్జెక్టు కాదు.

ఇది అచ్చయ్యే నాటికి రెండేళ్ల క్రితమే, 1656లో, లెష్నో కూడా కాలిపోయింది. నలభై ఏళ్లకు పైగా కూర్చిన చెక్ నిఘంటువు వ్రాతప్రతి బూడిదైంది. 1648 సంధితో స్వదేశానికి వెళ్లే ఆశ ముందే పోయింది. 1670లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రభువునందు నిద్రించాడు.

తన జనుల పిల్లలకోసం చెక్ భాషలో వ్రాసిన ఆ మొదటి ప్రతి? 1841లో లెష్నోలోనే దొరికింది. 1849లో అచ్చయి, ఎవరికోసం వ్రాశాడో ఆ జనుల చేతికి చేరింది.