ప్లేగు కొట్టాల నుంచి కరోనా లెక్కల దాకా

అంటురోగాన్ని ఆపటానికి చేసే ఏర్పాట్లు ఎంతవరకు ఫలిస్తాయో ముందే లెక్క కట్టవచ్చునా? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో ఆరోగ్యశాఖ ఉద్యోగిగా ఊరూరా తిరిగిన నాకు ఈ ప్రశ్న మీద ఎప్పుడూ ఆసక్తియే. ఈ లెక్కల చరిత్ర మనకు దూరమైనదేమీ కాదు.

1896లో బొంబాయిలో తలెత్తిన ప్లేగు 1898 ఆగస్టులో రైలు దారిన బెంగుళూరు చేరింది. బెంగుళూరు-గుంతకల్లు రైలు మార్గం మన మూడు ఊళ్ళ మీదుగానే పోతుంది. 1897 నాటి అంటువ్యాధుల చట్టం క్రింద మద్రాసు రాజధానిలో రైలు ప్రయాణికులను పరీక్షించేవారు. రోగమున్న ఊళ్ళ నుంచి వచ్చినవారికి ప్లేగు పాస్‌పోర్టు ఇచ్చి, కొన్నాళ్ళపాటు అధికారి ఎదుట హాజరు కమ్మనేవారు. ప్లేగు వస్తే జనం ఊరు విడిచి పొలాల్లో కొట్టాలు వేసుకునేవారని మా అవ్వ చెప్పేది. ఎలుకల ఒంటిమీది పురుగుల వల్ల సోకే రోగం కనుక, ఆ పని తెలివైనదే.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. దోమలన్నిటినీ చంపనక్కరలేదు, ఒక హద్దుకు దిగువకు తగ్గిస్తే చాలునని తరువాత గణితంతో చూపాడు. ఆయన ప్రోత్సాహంతో ఈ దారి పట్టిన మెకెండ్రిక్, మన దేశంలో వైద్యసేవ చేసినవాడు. 1927లో కెర్మాక్‌తో కలిసి వ్రాసిన వ్యాసంలో 1905-06 నాటి బొంబాయి ప్లేగు మరణాలతో తమ సూత్రాన్ని సరిచూశారు.

లెక్క సులభమే. ఒక్కొక్క రోగి ఇద్దరికి అంటిస్తే పదవ విడతలో 1,024 మంది కొత్త రోగులు. ఏర్పాట్ల వల్ల అది ఒకటిన్నరకు తగ్గితే సుమారు 58 మందే. ఒకటికి దిగువకు తగ్గితే రోగం తనంతట ఆరిపోతుంది. మశూచిని అట్లే ఆర్పాము. రోగిని వెదకి, చుట్టూ ఉన్నవారికి టీకాలు వేయగా, 1975 తరువాత అది మన దేశంలో లేదు.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. ఐ.ఐ.టి. హైదరాబాదు ఆచార్యులు మాతుకుమల్లి విద్యాసాగర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం, జాగ్రత్తలు కొనసాగితే 2021 ఫిబ్రవరి నాటికి రోగం అణగవచ్చునని ఆ అక్టోబరులో తెలిపింది. కాని జాగ్రత్తలు సడలాయి, క్రిమి రూపు మార్చుకున్నది. ఏప్రిల్, మే నెలల్లో రెండవ ఉప్పెన ఎందరినో బలిగొన్నది.

అయితే లెక్కలు వృథాయా? కాదు. గణితానికి అందేది మనం రిజిస్టరులో వ్రాసిన అంకెయే. మగ్గం ఆగితే పూట గడవని ధర్మవరం నేతగాడు జ్వరాన్ని దాచుకుంటే, తప్పు అతనిది కాదు. అతని కూటికి ఏర్పాటు చేయనిదే రోగం బయటపడదు, బయటపడనిదే లెక్క కుదరదు. కట్టడి విధించేవారు ముందు తలచుకోవలసిన సంగతి ఇది. మన వీధిలో జ్వరం వస్తే దాచకుండా ఆరోగ్య కార్యకర్తకు చెప్పించటం, విశ్రాంత ఉద్యోగులమైన మనం నేటికీ చేయగల సేవ.