కృష్ణకు ఆవలి ఒడ్డున ఒక చట్టం

పల్నాటి చరిత్ర అనగానే బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం, కారెంపూడి గుర్తుకు వస్తాయి. ఈ టపాలో నేను వ్రాయబోయేది వాటి గురించి కాదు. మాచర్ల దాటి విజయపురి సౌత్ చేరితే కృష్ణకు ఆవల కనిపించే నల్గొండ ఒడ్డును గురించి, అక్కడ నూరేళ్ళకు పైగా శాసన గ్రంథాల్లో నిలిచిన ఒక చట్టాన్ని గురించి.

ఫసలీ 1329లో, అనగా 1919లో, నిజాం ప్రభుత్వం హిజ్రాలపై ఒక చట్టం చేసింది. అనుమానితుల పేర్లు, నివాసాలు రిజిస్టరుకు ఎక్కించాలి. అలా పేరెక్కినవారు చీర కట్టుకునో, నగలు పెట్టుకునో వీధిలో కనబడినా, నలుగురిలో ఆడినా పాడినా, వారంటు లేకుండా పట్టుకోవచ్చు. శిక్ష రెండేళ్ళ దాకా ఖైదు, లేదా జరిమానా, లేదా రెండూ.

దీనికి పోలిక 1871 నాటి బ్రిటిషువారి నేరస్థ జాతుల చట్టంలో, దాని రెండవ భాగంలో ఉంది. 1911లో ఆ చట్టాన్ని తిరగరాసినప్పుడు హిజ్రాల భాగం తొలగిపోయింది. మద్రాసు రాజధానికి వచ్చింది ఈ కొత్త రూపమే. కనుక గుంటూరు జిల్లాలో దాని దెబ్బ ఎరుకలవారిపై పడింది (స్టూవర్టుపురం కథ వేరే టపాకు సరిపడా ఉంది), హిజ్రాలపై పడలేదు. దొరలు వదిలేసినదాన్ని ఎనిమిదేళ్ళ తరువాత నిజాము తలకెత్తుకున్నాడన్నమాట!

1956లో రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రమయ్యాయి. చట్టం మాత్రం పోలేదు, 'తెలంగాణ ప్రాంతం' అని పేరులో తగిలించుకుని బ్రతికింది. సాగర్ ఆనకట్ట కుడి కాలువ పల్నాటికి, ఎడమ కాలువ నల్గొండకు ఒకే నీటిని పంచాయి. రిజిస్టరుకెక్కిన మనిషికి మాత్రం ఒకే చీర ఈవల నేరం కాదు, ఆవల నేరం.

అలాగని ఈవలి ఒడ్డును పొగడలేను. ఇంట్లోంచి వెళ్ళగొట్టడానికి, అద్దెకు గది లేదనడానికి ఏ చట్టమూ అవసరం లేదు. స్వతంత్ర భారత జనగణనలో స్త్రీ, పురుష అనే రెండు గడులు కాక మూడోది వచ్చింది 2011లోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ గడిలో పడినవారు 43,769 మంది.

నాకు తిక్కన గుర్తుకు వస్తాడు. ఆయన తాత మంత్రి భాస్కరుడు మన గుంటూరును ఏలినవాడే. భారతాన్ని తిక్కన విరాటపర్వంతో మొదలుపెట్టాడు. అందులో బృహన్నల ఆడవేషంలో రాజకుమార్తెకు ఆటపాటలు నేర్పుతూ ఏడాది గడుపుతుంది. వాన పడకపోతే మన పల్లెల్లో చదివించేది ఆ పర్వాన్నే. 1919 చట్టం నేరంగా చూసింది సరిగ్గా ఆ వేషాన్నీ, ఆ ఆటపాటల్నీ.

ఈ చట్టాన్ని సవాలు చేస్తూ 2018లో వైజయంతి వసంత మొగ్లి తదితరులు హైకోర్టుకు వెళ్ళారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఆసరా పింఛను ట్రాన్స్‌జెండర్లకూ ఇవ్వాలని అదే తీర్పులో ఆదేశించింది. ఈవల ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017 చివరలోనే నెలకు 1,500 రూపాయల పింఛనుకు ఒప్పుకుంది, 2024లో అది 4,000 అయింది. నరసరావుపేటలోనో గురజాలలోనో ఆ డబ్బుతో ఒక గది అద్దె కట్టవచ్చు. గది ఇచ్చేవారు దొరకాలి.