సైకిలు దీపం – హోసూరు దారి



తెల్లవారుజామున నాలుగు గంటలకు తళి నుంచి హోసూరు వచ్చే దారి పక్కన మీరెప్పుడైనా నిలబడ్డారా? చలికాలమైతే మంచు దట్టంగా కమ్ముకొని ఉంటుంది. ఆ మంచులో ముందుగా సైకిలు గొలుసు చప్పుడు వినిపిస్తుంది. తర్వాత ఒక చిన్న వెలుతురు చుక్క కనిపిస్తుంది. ఆ తర్వాతే క్యారియరుకు కూరగాయల మూట కట్టుకొని సంతకు పోయే మనిషి కనిపిస్తాడు. మోపెడ్లు, ఆటోలు వచ్చాక అలాంటివాళ్ళు తగ్గారు గాని, లేకుండా పోలేదు. ఆ వెలుతురు చుక్క కథే ఇవాళ మీతో చెప్పదలచుకున్నాను.

అంగట్లో నిలబడి "బాగా వెలిగేది, ఎక్కువసేపు ఉండేది ఒక లైటు ఇవ్వండి" అని అడిగేవారికి కూడా ఈ కథ కొంత పనికివస్తుంది. ఎందుకంటే ఆ మనిషి ఒకే మాటలో రెండు కోరికలు కోరుతున్నాడు. ఆ రెండూ ఒకదానితో ఒకటి పడనివి. నూట నలభై ఏళ్ళుగా సైకిలు దీపం ఈ తగవు తీర్చడానికే అవస్థ పడుతోంది.

హోసూరు దగ్గరి తొరపల్లిలో రాజాజీ పుట్టింది 1878లో. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పట్టణంలో జోసెఫ్ లూకస్ అనే ఆయన సైకిలు దీపాలు చేయడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన వీధుల్లో బండి తోసుకుంటూ కిరోసిన్ అమ్మినవాడు. కాబట్టి దీపం సంగతి, నూనె సంగతి రెండూ తెలుసు. ఆయన దీపానికి పెట్టిన పేరు 'కింగ్ ఆఫ్ ద రోడ్', అంటే దారికి రాజు అని. పేరు ఘనమే గాని, అది వత్తీ నూనె గల చిన్న లాంతరే. చక్రం గుంటలో పడితే వత్తి ఎగిరి ఆరిపోయేది. దారి చూపించడం కన్నా, ఎదుటివాడికి మనం వస్తున్నామని తెలియజేయడమే దాని పని. ఒకందుకు మాత్రం మెచ్చుకోవాలి. నూనె ఉన్నంతసేపూ వెలుగుతుంది, రాత్రంతా వెలగమన్నా వెలుగుతుంది.

తర్వాత వచ్చింది కార్బైడ్ దీపం. దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

1892లో అమెరికాలో థామస్ విల్సన్ అనే ఆయన అల్యూమినియం తీసే ప్రయత్నంలో విద్యుత్ కొలిమిలో సున్నాన్నీ తారునూ కలిపి కాల్చాడు. అనుకున్నది రాలేదు. బూడిద రంగు గడ్డలు వచ్చాయి. అవి నీళ్ళు తగిలితే బుసబుసమని పొంగి, మంట అంటుకునే వాయువు విడిచాయి. ఆ గడ్డ కాల్షియం కార్బైడ్, ఆ వాయువు ఎసిటిలీన్. నాలుగైదేళ్ళు తిరక్కుండానే అది సైకిలు హ్యాండిలు మీదికి ఎక్కింది. కింది గిన్నెలో కార్బైడ్ ముక్కలు, పై గిన్నెలో నీళ్ళు, మధ్యలో చిన్న తిరుగుడు మర. మర తిప్పితే నీరు బొట్టు బొట్టుగా కిందికి జారుతుంది, వాయువు సన్నని గొట్టంలో నుంచి వచ్చి తెల్లగా, కళ్ళు చెదిరేలా మండుతుంది. వెనక చిన్న అద్దం ఉంటే దారి దూరం వరకూ పట్టపగలులా కనిపించేది.

మరను కొంచెం ఎక్కువ తిప్పితే వెలుతురు పెరుగుతుంది, కార్బైడ్ తొందరగా అయిపోతుంది. తక్కువ తిప్పితే ఎక్కువసేపు వస్తుంది, మంట మాత్రం సన్నగిల్లుతుంది. మొదట నేను చెప్పిన తగవు ఇదే. దాని పగ్గాలు మాత్రం ఇప్పుడు మనిషి వేళ్ళకే అందాయి. అదీగాక మర కట్టేసినా లోపల తడిసిన కార్బైడ్ వెంటనే ఊరుకోదు, కొంతసేపు వాయువు వదులుతూనే ఉంటుంది. పొద్దున లేచి గిన్నెలో మిగిలిన సున్నపు ముద్దను గీకి కడగాలి. ఆ వెల్లుల్లి లాంటి కంపు చేతికి పట్టుకుంటే ఓ పట్టాన వదలదు.

ఆ కంపు మన కృష్ణగిరి మామిడి మండీలవారికి కొత్త కాదు. పచ్చికాయను రాత్రికి రాత్రే పసుపు పచ్చగా మార్చడానికి కొందరు వాడిన పొడి ఇదే. అది ఆరోగ్యానికి హాని గనుక పండ్లు మాగబెట్టడానికి కార్బైడ్ వాడరాదని మన దేశంలో నిషేధం ఉంది, 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల్లోనూ అది స్పష్టంగా ఉంది. దీపంలో వెలుతురిచ్చిన సరుకు బుట్టలో చేరి చెడ్డపేరు తెచ్చుకుంది.

ఇక మన ప్రాంతం సంగతి. హోసూరు, కృష్ణగిరి అప్పట్లో సేలం జిల్లాలోని తాలూకాలు. 1965లో ధర్మపురి జిల్లా విడిపోయింది, 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడింది. అదే సేలం జిల్లాలోని మేట్టూరులో ఆనకట్ట 1934లో పూర్తయి, 1937లో విద్యుత్తు పుట్టింది. అయినా మన పల్లెలకు కరెంటు తీగలు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఊళ్ళోనే దీపం లేనప్పుడు ఊరికీ ఊరికీ మధ్య దారి గురించి చెప్పేదేముంది? రాత్రిపూట దీపం లేని సైకిలును పోలీసు ఆపడం ఆ రోజుల్లో మామూలు మాట. చేతిలో లాంతరు వేలాడదీసుకొని, ఒంటిచేత్తో సైకిలు తొక్కినవాళ్ళూ ఉన్నారు. చట్టానికి దీపం కావాలి, అది దారి చూపిస్తుందా లేదా అని చట్టం అడగదు కదా!

స్వాతంత్ర్యం వచ్చాక సైకిలు సామాన్యుడి చేతికి వచ్చింది. మద్రాసు దగ్గర అంబత్తూరులో టీ.ఐ. సైకిల్స్ సంస్థ 1949లో ఏర్పడింది. హెర్క్యులిస్, ఫిలిప్స్, బీఎస్‌ఏ పేర్లు పల్లెల్లో ఇంటి పేర్లలా వాడుకలోకి వచ్చాయి. అదే కాలంలో టార్చిలైటు కూడా వచ్చింది. మనవైపు దాన్ని టార్చి అనేవారికంటే 'బ్యాటరీ' అనేవారే ఎక్కువ. మద్రాసు తిరువొత్తియూరులో ఎవరెడీ సెల్లులు తయారయ్యేవి. 1970లలో నెల్లూరు నుంచి నిప్పో సెల్లులు వచ్చాయి. రెండు సెల్లుల బ్యాటరీని హ్యాండిలుకు పాత ట్యూబు ముక్కతో బిగించి కట్టుకుంటే అదే సైకిలు దీపం.

ఆ సెల్లుకు ఒక గుణం ఉంది. కొత్తలో తెల్లగా, తర్వాత పచ్చగా, చివరికి నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది. సగం దారిలో ఎర్రబడితే కాసేపు ఆర్పి ఊరుకుంటే, మళ్ళీ కొంచెం ప్రాణం వస్తుంది. సెల్లులో రసాయనాలు సర్దుకోవడానికి ఆ విరామం కావాలి. పెద్దవాళ్ళు సెల్లులను ఎండలో పెట్టడం వెనక ఉన్న రహస్యం కొంత ఇదే. మరచిపోయి నెలల తరబడి లోపలే ఉంచితే మాత్రం సెల్లు కారి, బ్యాటరీ లోపల తుప్పు పట్టిస్తుంది.

సెల్లు కొనే ఖర్చు లేకుండా చేసింది డైనమో. టైరు పక్కన ఆనుకొని తిరిగే చిన్న సీసా లాంటి యంత్రం, సాధారణంగా 6 ఓల్టులు, 3 వాట్లు. ఎంతసేపు తొక్కితే అంతసేపు వెలుతురు. ఇంతకాలం ఉన్న తగవు తీరిపోయిందని అందరూ అనుకున్నారు. కాని డైనమో గుణం తెలియాలంటే కృష్ణగిరి నుంచి హోసూరుకు తొక్కి చూడాలి. కృష్ణగిరి సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంటే, హోసూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. దూరం యాభై కిలోమీటర్లు. శూలగిరి దాటి ఎగువకు తొక్కేటప్పుడు చక్రం మెల్లగా తిరుగుతుంది, దీపం మిణుకుమంటుంది. కాళ్ళలో ఉన్న బలంలో కొంత డైనమో తినేస్తుంది. దిగి తోసుకుంటూ పోతే దాదాపు చీకటే. అదే హోసూరు నుంచి దిగువకు వస్తే దీపం దివ్యంగా వెలుగుతుంది. అప్పుడు వెనక ఎర్ర బల్బు మాడిందంటే, దాని వాటా కరెంటు కూడా ముందు బల్బుకే వచ్చి అది కూడా మాడుతుంది. వాననీళ్ళకు టైరు తడిస్తే డైనమో చక్రం జారుతుంది. అంటే అవసరం ఎక్కువైన చోట వెలుతురు తక్కువ, అవసరం తక్కువైన చోట ఎక్కువ. దీన్ని చేసినవాడిని నేను తప్పుపట్టను, కాని చాలామంది డైనమో ఉన్నా జేబులో బ్యాటరీ పెట్టుకొనే బయలుదేరేవారు.

1980లో హోసూరు కర్మాగారం నుంచే టీవీఎస్ 50 మోపెడ్ బయటికి వచ్చింది. దాని దీపానికి ఇంజనే ఆధారం. పాలవాళ్ళు, పూలవాళ్ళు అటు మళ్ళారు. సైకిలు దీపాన్ని పట్టించుకునేవారు తగ్గిపోయారు.

దానికి మళ్ళీ మంచిరోజులు తెచ్చినవి రెండు సంగతులు. 1991లో జపానులో సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని అమ్మకానికి తెచ్చింది. 1993లో అదే దేశంలో నకమురా బాగా వెలిగే నీలి ఎల్‌ఈడీని చేసి చూపించాడు, దాని నుంచే తెల్లని ఎల్‌ఈడీ పుట్టింది. నీలి ఎల్‌ఈడీకి 2014లో, లిథియం బ్యాటరీకి 2019లో నోబెల్ బహుమతులు వచ్చాయి. చిన్న తీగ బల్బు ఒక వాటుకు పది పదిహేను ల్యూమెన్ల వెలుతురు ఇస్తే, మంచి ఎల్‌ఈడీ వంద దాటి ఇస్తుంది. తగవు పూర్తిగా తీరలేదు గాని, చాలా వరకు సర్దుబాటయింది.

ఇప్పుడు మోసం ఇంకో చోట దాగింది, పెట్టె మీది అచ్చులో. మీరు కొనే దీపంలో చాలావరకు 18650 అనే సెల్లు ఉంటుంది. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు అని దాని అర్థం. ఈ సైజు సెల్లులో మంచిదైతే 2,000 నుంచి 3,500 మిల్లీ ఆంపియర్ అవర్ల దాకా నిలవ ఉంటుంది. ఒక్క సెల్లు మీద 9,800 అని అచ్చు వేసి ఉంటే దాన్ని అక్కడే పెట్టి వచ్చేయండి. లెక్క ఇలా చూసుకోవచ్చు. 2,000 అంటే 2 ఆంపియర్ అవర్లు, దాన్ని 3.7 ఓల్టులతో గుణిస్తే సుమారు ఏడున్నర వాట్ అవర్లు. 300 ల్యూమెన్లకు ఇంచుమించు 3 వాట్లు ఖర్చవుతాయి. మధ్యలో పోయే నష్టం తీసేస్తే రెండు గంటల వెలుతురు. పెట్టె మీద మాత్రం ఎక్కువ వెలుతురు ఒక వరుసలో, ఎక్కువ గంటలు ఇంకో వరుసలో వేస్తారు. ఆ గంటలు మినుకు మినుకుమనే వెలుతురుకు చెందినవి. రెండూ ఒకే మీట దగ్గర దొరుకుతాయనుకుంటే అది మన పొరపాటే.

మన దారికి ఎంత వెలుతురు కావాలి? గంటకు 15 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు నాలుగు మీటర్లకు పైనే. దీపం పది మీటర్లే చూపిస్తే, గుంటకూ మీకూ మధ్య రెండు సెకన్లు మిగులుతాయి. మూట కట్టిన సైకిలు అంతలో ఆగదు. రాగి కోతల కాలంలో బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగుల మందలు జవళగిరి, డెంకణికోట, సానమావు అడవుల మీదుగా పొలాల్లోకి దిగుతాయి. దారి దాటే ఏనుగు ముందు రెండు సెకన్లు ఏమూలకు? ఇక్కడ ముప్పై మీటర్ల దూరమైనా చూపే దీపం కావాలి. ఏనుగు కనిపించాక మాత్రం దీపాన్ని దాని కళ్ళలోకి పట్టకుండా ఆగి వెనక్కి తిరగాలి. ఎదురుగా వచ్చే మనిషి కళ్ళలోకీ పట్టకూడదనుకోండి. జర్మనీలో సైకిలు దీపం కాంతి పైకి చిమ్మకుండా ఉండాలని చట్టమే ఉంది. మన దగ్గర ఆ పని దీపాన్ని కాస్త కిందికి వంచి మనమే చేసుకోవాలి.

తళి నుంచి హోసూరు సుమారు పాతిక కిలోమీటర్లు, మూటతో తొక్కితే రెండు గంటలు. కొన్న దీపాన్ని నిండా చార్జి చేసి, మీరు రోజూ వాడబోయే వెలుతురులోనే పెట్టి, ఒక రాత్రి ఇంట్లో గోడకేసి వెలిగించి గడియారం చూడండి. వెలుతురు ఎప్పుడు సన్నగిల్లిందో కాగితం మీద రాసుకోండి. మూడు గంటలైనా నిలిస్తే దాన్ని నమ్మి బయలుదేరవచ్చు. రెండు గంటలకే ఎర్రదీపం మినుకుమంటే అంగడివాడికి తిరిగి ఇచ్చేయండి. లేదా తాతల పద్ధతిలో జేబులో ఇంకొక బ్యాటరీ పెట్టుకోండి.