ఆరు మీటర్ల అవతలి అక్షరం

మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఏడాది, 1918లో, బ్రిటన్ రాయల్ ఎయిర్ ఫోర్స్ 110వ స్క్వాడ్రన్ డీహెచ్-9ఏ బాంబర్లతో ఫ్రాన్స్‌లో దిగింది. ఆ విమానాల ఖర్చు భరించింది నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. అందుకే దళానికి హైదరాబాద్ పేరు పెట్టారు. నిజామాబాద్, బోధన్ అప్పుడు ఆయన ఏలుబడిలోవే. నిజాం సొమ్ము తేలిగ్గానే ఆకాశానికెక్కింది. మనిషి ఎక్కాలంటే మాత్రం ముందు కన్ను ఒప్పుకోవాలి.

కలకత్తాలో పుట్టిన ఇంద్రలాల్ రాయ్‌కి అక్కడే చుక్కెదురైంది. చూపు సరిగా లేదని, రాయల్ ఎయిర్ ఫోర్స్‌కు ముందు రూపమైన రాయల్ ఫ్లయింగ్ కోర్ తిప్పి పంపింది. అతను మోటార్ సైకిల్ అమ్మేసి, ఆ డబ్బుతో పేరున్న కంటి డాక్టరుకు చూపించుకుని, నిర్ణయాన్నే మార్పించాడు. 1917 జూలైలో కమిషన్ దొరికింది. మరుసటి జూలైలో రెండు వారాలు నిండకముందే పది విజయాలు సాధించి, 22న గగన పోరులో నేలకొరిగాడు. అప్పటికి పంతొమ్మిదేళ్లు. పట్టుదలకు ఇంతకంటే గొప్ప సాక్ష్యం భారత వైమానిక చరిత్రలో అరుదు.

గోడకు వేలాడే అక్షరాల చార్టు నెదర్లాండ్స్ వైద్యుడు స్నెల్లెన్ 1862లో ఇచ్చింది. ఆరు మీటర్ల దూరం నుంచి చదవాల్సిన వరుసను అంత దూరం నుంచే చదివితే 6/6. రంగుల పరీక్ష 1917లో జపాన్ వైద్యుడు ఇషిహారా చేసింది. చుక్కల మధ్య దాగిన అంకెను 75 సెంటీమీటర్ల దూరం నుంచి, మూడు సెకన్లలో చెప్పాలి. విమానం ఎడమ రెక్క కొసన ఎర్ర దీపం, కుడి రెక్క కొసన పచ్చ దీపం ఉంటాయి. చీకట్లో ఎదుటి విమానం ఎటు పోతోందో ఆ రెండు రంగులే చెబుతాయి. పరీక్ష అంత కఠినంగా ఉండటంలో అన్యాయమేమీ లేదు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాద్ బేగంపేటలో పైలట్లకు తొలి పాఠాలు చెప్పే శిక్షణ కేంద్రం నడిచింది. హైదరాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో చదివిన ఇద్రిస్ హసన్ లతీఫ్ 1942లో వైమానిక దళంలో కమిషన్ పొంది, 1978లో దానికే అధిపతి అయ్యారు. 1967లో హైదరాబాద్ దగ్గరి దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీకి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. పైలట్ల బడి నిజామాబాద్ వాళ్లకు రైలు దూరంలోకి వచ్చేసింది.

నిబంధన మాత్రం దగ్గర కాలేదు. వైమానిక దళం ఫ్లయింగ్ బ్రాంచికి ఒక కన్ను 6/6, రెండోది 6/9 ఉండాలి. దూరపు చూపు తగ్గి మైనస్ అద్దాలు పడితే చోటు లేదు. లేజర్ ఆపరేషన్‌ను కొన్ని షరతులతో ఒప్పుకుంటున్నారు గానీ, ఇరవై ఏళ్లు నిండాక చేయించుకుని ఏడాది ఆగాలి. నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)కి పంతొమ్మిదిన్నరేళ్లకే వయసు దాటిపోతుంది కాబట్టి అందులో చేరాలనుకునేవాళ్లకు ఆ దారి మూసుకున్నట్టే. రంగుల లోపానికి ఆపరేషన్ కూడా లేదు.

కాబట్టి బోధన్‌లోనైనా బాన్సువాడలోనైనా, పైలట్ అవుతానంటున్న పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక్క మనవి: కోచింగ్ ఫీజు కట్టే ముందు, పదో తరగతిలోనే, చూపూ రంగులూ రెండూ పరీక్ష చేయించండి.